తువ్వాలు కింద నాడి

మొన్న మదనపల్లెలో షుగర్ డాక్టరు దగ్గరికి పోయాను. డాక్టరు లోపలికి పిలిచేలోపు నర్సమ్మ ఒకామె వచ్చి, బల్ల మీద చెయ్యి పెట్టమని నా మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూడసాగింది. నా భుజం మీద తువ్వాలు ఉంది. నాకు తెలియకుండానే దాన్ని లాగి మా ఇద్దరి చేతుల మీదా కప్పేశాను. ఆ పిల్ల ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది.

"ఏంది సార్ ఇది?"

పక్కన కూర్చున్న నా భార్య తల పట్టుకుంది. "మా పుంగనూరులో నాడి ఇట్లే సూస్తారమ్మా" అన్నాను, నోటికి అదే వచ్చింది. ఆ మాట అన్నాక నవ్వు ఆగలేదు. నర్సమ్మ కోపంగా అప్పటిదాకా లెక్కపెట్టిన నాడిని కాగితం మీద రాసుకుని, "ఊరికే కూర్చోండి, నవ్వు తగ్గినాక మళ్లా చూస్తా" అని వెళ్లిపోయింది. ఆ ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, మా దళారి మామను తలుచుకుంటూ ఉండిపోయాను.

నాకు ఆయన వరసకు మామ కాడు. పుంగనూరు పశువుల సంతకు వచ్చే ప్రతి ఒక్కడికీ మామే. ఆయనది చౌడేపల్లె పక్క పల్లె. నాది సంత గేటు దగ్గర దాణా అంగడి. తవుడు, గానుగ చెక్క, ఉప్పు గడ్డలు అమ్ముతాను. అంగడి ముందు గిరాకీల కోసం నేను వేసిన బెంచీని సంతరోజు పొద్దున్నే ఆయన తన సొంతం చేసుకునేవాడు. నేను కసురుకునేవాణ్ణి. "మామా, తవుడు కొనేవాళ్లు యాడ కూర్చోవాల?" అంటే, "నా పక్కన కూర్చుంటే నేనేమన్నా కరుస్తానా?" అనేవాడు. ప్రతివారం ఇదే పోట్లాట. ఏ వారమన్నా ఆయన ఆలస్యంగా వస్తే మాత్రం ఆ బెంచీ మీద ఇంకొకణ్ణి కూర్చోనిచ్చేవాణ్ణి కాదు.

టీ తాగడంలో ఆయనది ఒక పద్ధతి. "అప్పా, నాకు షుగర్ ఉండాది, చక్కెర లేకుండా టీ ఇయ్యి" అని టీ అంగడివాడికి సంతంతా వినపడేటట్టు కేక వేసేవాడు. టీ వచ్చాక జేబులోంచి తీపి బన్ను తీసి అందులో ముంచుకుని తినేవాడు. ఇదేంది మామా అంటే, "డాక్టరు టీలో చక్కెర వద్దన్నాడు. బన్ను సంగతి ఏమీ అనలేదే!" అనేవాడు. ఇట్లాంటి మనిషితో ఎవరు వాదిస్తారు?

ఇప్పుడంటే ఫోన్లో ఫోటో పెట్టి, కింద రేటు రాసి, ఆవును ఇంట్లోంచే అమ్మేస్తున్నారు. మామ బేరం అంతా తువ్వాలు కిందే జరిగేది. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి ఒకదాని తర్వాత ఒకటి ఆయన గళ్ల తువ్వాలు కిందికి రావాలి. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ వందమంది నిలబడినా ఒక్కరికీ సంగతి తెలియదు. ఇది దళారులందరూ చేసేదే. కానీ మామ దానికి ఇంకొకటి కలిపాడు. కుడిచేత్తో వేళ్లు పట్టుకుని ధర చెబుతూ, ఎదుటివాడి మణికట్టును ఎడమచేత్తో ఆదరంగా పట్టుకునేవాడు. పెద్దాయన ప్రేమగా పట్టుకున్నాడనుకునేవాళ్లు. ప్రేమ ఎక్కడిది? నాడి చూసేవాడు!

"మనిషి నోటితో వద్దంటాడప్పా. వాడికి నచ్చిన ధర కాడికి వస్తానే మణికట్టు ఎగిరి పడతాది. నేను ఆడ నిలబెడతా" అని నాకు రహస్యంగా చెప్పాడు. రహస్యం అన్నానుగానీ, నాకు చెప్పినట్టే అందరికీ చెప్పాడు. కొన్నాళ్లకు మిగతా దళారులు కూడా ఆయన మణికట్టు పట్టుకోవడం మొదలుపెట్టారు. ఏం లాభం? ఆయన నాడి ఎప్పుడు చూసినా ఒకే వేగం. గబగబా కొట్టుకుంటుంది, కానీ లాభమొచ్చినా అంతే, బేరం చెడినా అంతే, తిట్టినా అంతే. "ఆయప్పది గుండె కాదు, మిషను" అనేవాళ్లు. మామ మీసం దువ్వుకునేవాడు. అది తన విద్య అనుకునేవాడు. మేమూ అట్లాగే అనుకున్నాం.

ఇంకొక అలవాటు. కింద గొంతుక్కూర్చుని ఆవు పొదుగు చూసి లేచేటప్పుడు, దాని వీపు మీద చెయ్యివేసి, కళ్లు మూసుకుని కాసేపు అట్లాగే నిలబడేవాడు. చూసేవాళ్లకు ఆవు లోపలి సంగతి ఏదో చెవికి వినిపిస్తున్నట్టు ఉండేది. "మామ కళ్లు మూసినాడంటే ఆవు మంచిదప్పా" అని జనం ఎగబడేవాళ్లు. ఆ ఆవుకు ధర కూడా పెరిగేది. లేచినప్పుడల్లా ఆయనకు కళ్లు తిరిగేవని, అందుకే అట్లా నిలబడేవాడని మాకేం తెలుసు? ఆయనకు మాత్రం తెలుసు. చెప్పలేదు, దొంగ.

ఒక సంతరోజు కుప్పం నుంచి ఒక డాక్టరమ్మ కారులో వచ్చింది. వయసు ముప్ఫై అయిదు దాటదు. వాళ్ల అమ్మకు పుంగనూరు పొట్టి ఆవు కావాలట. మామ ఒక తెల్ల ఆవును చూపించాడు. బేరం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఇబ్బంది. ఆడమనిషి చెయ్యి ఎప్పుడూ ఆ తువ్వాలు కిందికి రాలేదు.

"నోటితో చెప్తా లేమ్మా" అన్నాడు.

"యాల? అందరికీ ఒక పద్ధతి, నాకొక పద్ధతా?" అని ఆమే చెయ్యి చాపింది. ఆమెది మా వైపు మాటే. నాకు నచ్చింది.

మామ తువ్వాలు కప్పాడు. ధర మొదలైంది. సరిగ్గా అప్పుడు ఎవరిదో కోడె తాడు తెంపుకుని మా వైపే ఉరికి వచ్చింది. జనం చెల్లాచెదురు. నేను తవుడు మూటల వెనక దూరాను, అబద్ధం ఎందుకు! మామా డాక్టరమ్మా పరిగెత్తడానికి సందులేక ఆవుకు ఆనుకుని నిలబడిపోయారు. కోడె వాళ్ల పక్కనుంచి పోయి ఎదురుగా ఉన్న చెరుకురసం బండిని గుద్దింది. దుమ్ము తగ్గాక చూస్తే వాళ్ల చేతులు ఇంకా తువ్వాలు కిందే ఉన్నాయి. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది, కానీ ఆమె కోడె వైపు చూడటం లేదు.

"మీకు భయం వెయ్యలేదా?" అని అడిగింది.

"భయం కాదు తల్లీ, పానం పోయింది! సూడు, కాళ్లు ఎట్లా వణకతాండాయో."

"మీరు నా మణికట్టు పట్టుకుంటే నేనూ మీది పట్టుకున్నా. నాడి మారలేదే. కోడె రాకముందు ఎంతుండెనో ఇప్పుడూ అంతే ఉండాది."

"అదే గదమ్మా నా విద్య!" అని మామ అందరి వైపూ చూశాడు. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. చెయ్యి తియ్యకుండా, "షుగర్ ఎన్నేళ్లుగా ఉండాది పెద్దాయనా?" అని అడిగింది. అందరి నాడీ ఆయన చూడటమే గానీ, ఆయన నాడిని చూసి ఒకరు భయపడటం అదే మొదటిసారి.

ఆవును కొని తోలించుకుని పోయింది, కుప్పం రమ్మని పదేపదే చెప్పి మరీ. మామ పోయేవాడే కాదు. మా అత్త, అంటే మామ పెళ్లాం, నా అంగడికి వచ్చి, "అల్లుడా, ఆయన్ను నువ్వు తోడకపోతావా, నన్ను తాడు కట్టి ఈడ్చకపొమ్మంటావా?" అంది. ఆమె అన్నదంటే చేస్తుంది. పలమనేరు మీదుగా బస్సులో కుప్పం పోయాం.

అక్కడ డాక్టరమ్మ ఆయన్ను పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూసింది. గుండెకు తీగలు తగిలించి, గట్టిగా ఊపిరి పీల్చి వదలమంది. ఊపిరితో పాటు గుండె వేగం కొంచెం ఎక్కువా తక్కువా కావాలట. మామది కదలలేదు.

"షుగర్ ఏళ్లతరబడి ఉంటే గుండెకు పోయే సన్న నరాలను తింటాది పెద్దాయనా. భయమొస్తే గుండె ఉరకాల, లేసి నిలబడితే రక్తం తలకెక్కాల. ఆ పనులు చెప్పేది ఆ నరాలే. మీకు లేసినప్పుడు కళ్లు తిరగతాయా?"

మామ నా వైపు దొంగచూపు చూశాడు. "అప్పుడప్పుడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఆవు చెప్పిన గుట్టు అని అందరినీ నమ్మించి!

"నాకు గుండెనొప్పి ఎప్పుడూ రాలేదే తల్లీ?" అన్నాడు.

"అదే నా భయం. రేపు గుండెకు నిజంగా కష్టమొచ్చినా మీకు నొప్పి తెలియకపోవచ్చు. చెప్పే నరాలే లేకపోతే ఎవరు చెప్తారు?"

నరాలు ఎంతవరకు పోయాయో తెలుసుకోవడానికి బెంగళూరులో ఒక స్కాన్ ఉందట. చేతికి మందు ఎక్కిస్తారు. అందులో కొంచెం రేడియేషన్ ఉంటుంది. బతికున్న నరాల కొసలు ఆ మందును తీసుకుంటాయి, అవి ఎక్కడున్నాయో మిషను ఫోటో తీస్తుంది. ఆమె ఇదంతా చెబితే మామ తల గోక్కుని, "దాణా వేస్తే యా ఆవు లేసి తింటాదో దానికి పానం ఉన్నట్టు. అంతేనా?" అన్నాడు. "అంతే" అంది. గుండెకు దెబ్బ తగలకముందే చూసుకుంటే కాపాడుకోవడం సులువు అని కూడా చెప్పింది.

మామకు వేరే బాధ ఉంది. తలుపు దాకా పోయి వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, మందులు వేసుకుంటే నా నాడి ఎగరడం మొదలుపెడతాదా? అట్లయితే సంతలో నా పని అయిపోయినట్టే గదా?" అని అడిగాడు. ప్రాణం మీదికి వస్తుంటే ఈయనకు బేరం గోల! నేను అక్కడే తిట్టాను. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. పోయిన నరాలు అంత సులభంగా తిరిగి రావనీ, ఉన్నవాటిని నిలుపుకోవడమే పనీ అని చెప్పింది. "అట్లయితే సరే" అని ఊపిరి పీల్చుకున్నాడు మహానుభావుడు.

కుప్పంలోనే రైలెక్కి బెంగళూరు పోయాం. గొంతులోని గ్రంథికి ఆ మందు హాని చెయ్యకుండా ముందునుంచే ఏవో చుక్కలు నీళ్లలో తాగించారు. అవి తాగి మామ పెట్టిన ముఖం చూడాలి. మందు ఎక్కించాక కాసేపటికి ఒకసారి, మళ్లీ కొన్ని గంటలయ్యాక ఇంకొకసారి ఫోటోలు తీశారు. మధ్యలో ఖాళీగా కూర్చోవాలి. ఆ ఖాళీలో మామ తన పక్కన కూర్చున్న మైసూరు ఆయనకు కన్నడంలో ఒక గేదెను దాదాపు అమ్మేశాడు. గేదె చౌడేపల్లెలో ఉంది, కొనేవాడు లుంగీ కట్టుకుని స్కాన్ కోసం ఎదురుచూస్తున్నాడు!

కొన్నాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దని అక్కడివాళ్లు చెప్పి పంపారు. మా అత్త ఆ మాట పట్టుకుని మామను కొట్టం వైపే పోనివ్వలేదు. "దూడలుండాయి, అవి పిల్లలు కావా?" అంది. బయట మంచం వేసి, సంగటి ముద్ద కర్రతో తోసినట్టు దూరం నుంచి జరిపేది. మామ ఆ మంచం మీద నుంచే ఆవులన్నిటినీ పేరు పేరునా పిలిచి పలకరించేవాడు.

ఫోటోలు తీసుకుని మళ్లీ కుప్పం పోయాం. ఫోటోలో గుండె కింది భాగం చీకటిగా ఉంది, అంటే అక్కడ నరాలు పోయినట్టు. పైభాగంలో మాత్రం వెలుగు మిగిలింది. కండ ఇంకా బాగానే ఉందనీ, సమయానికి పట్టుకున్నామనీ డాక్టరమ్మ చెప్పింది. షుగర్ అదుపులో పెట్టాలి, మందులు మానకూడదు, గుండెను ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. నొప్పి కోసం కాచుకోకూడదు. ఊరికే చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, ఒళ్లు తేడాగా అనిపించినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

మామ ఆ ఫోటోను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఏందో రంగులు పూసినట్టుండాది" అని పక్కన పెట్టాడు. ఆయన నమ్మలేదు, నాకు తెలుస్తోంది. ఇంటికి పోయి బన్ను ముంచుకుంటాడు. నాకు ఏడుపు తన్నుకొస్తోంది, కోపం కూడా.

"భయపడాల్సిందేమీ లేదు పెద్దాయనా, జాగ్రత్తగా ఉంటే చాలు" అని డాక్టరమ్మ చల్లగా అంది.

మామ ఆమె ముఖంలోకి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పరిచాడు. "చెయ్యి పెట్టు తల్లీ" అన్నాడు. ఆమె నవ్వుతూ పెట్టింది. మామ కప్పాడు. "ఇప్పుడు చెప్పు. భయం లేదా?"

"లేదు" అంది.

మామ కళ్లు మూసుకున్నాడు. ఈసారి ఆవు లేదు, కళ్లు తిరగడమూ కాదు. కాసేపటికి తువ్వాలు తీసి మడిచి భుజాన వేసుకున్నాడు. "సరేమ్మా. బేరం కుదిరింది. నువ్వు చెప్పినట్టే ఉంటా" అన్నాడు. అంతే, లేచాడు.

బస్టాండులో అడిగాను, ఏమైంది మామా అని. "ఆ బిడ్డ నోరు భయం లేదంటాంది. మణికట్టు మాత్రం కోడెదూడ మాదిరి ఎగరతాండాది. ఎవరో ముసలోని కోసం ఇంత భయపడతాందంటే నిజంగానే ఏదో ఉండాదప్పా" అన్నాడు. బెంగళూరులోని అంత పెద్ద మిషను చెబితే నమ్మని మనిషి మణికట్టు చెబితే నమ్మాడు. ఎట్లా నమ్మితేనేం, నమ్మాడు.

ఆ రోజు నుంచి మాత్రలు ఒక్క పూట తప్పలేదు. తీపి బన్ను మానేశాడు. మానేశాడంటే, కొని, వాసన చూసి నాకిచ్చేవాడు. "నువ్వు తినప్పా, నేను సూస్తా" అనేవాడు. నాకు షుగర్ రావడంలో ఆయన చెయ్యి ఉందని నా భార్య ఇప్పటికీ అంటుంది.

మూడో ఏడో, నాలుగో ఏడో, మంచి చలికాలం. కురబలకోట నుంచి ఒకాయన ఆవును కొనడానికి వచ్చాడు. బేరం మాంచి పట్టులో ఉంది. మామ ఉన్నట్టుండి తువ్వాలు కింద నుంచి చెయ్యి తీసేశాడు. బేరం మధ్యలో చెయ్యి తీసిన మనిషి కాదు. నా అంగడికి నడిచి వచ్చాడు. నుదుటి మీద చెమట కారుతోంది.

"అల్లుడా, నొప్పేమీ లేదు. అందుకే భయంగా ఉండాది. పద."

అంగడి తెరిచి ఉండగానే కారెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాను. గుండెకు పోయే రక్తనాళం ఒకటి మూసుకుపోతోందట. సమయానికి తెరిచి స్టెంటు వేశారు. కుప్పం నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసి, "ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది" అంది. ముందే తెలియకపోతే ఏం జరిగేదో నాకు బాగా తెలుసు. ఒక సోడా తాగి, బేరం ముగించి, ఆ బెంచీ మీద ఒరిగిపోయేవాడు.

తమాషా ఏమిటంటే, కురబలకోట ఆయన మామ తువ్వాలు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడట. రెండురోజులకు ఆ తువ్వాలుతో ఆసుపత్రికే వచ్చాడు. "మామా, మనది సగంలో ఉండాది" అని గొణిగాడు. నర్సు చూడనప్పుడు ఆసుపత్రి దుప్పటి కింద బేరం పూర్తి చేశారు. ఆవు మంచిదే, ఇప్పటికీ పాలిస్తోందట.

ఆ తర్వాత కూడా మామ చాలా ఏళ్లు సంత చేశాడు. పోయినేడు చలి మొదలయ్యాక ఇంటి నుంచి బయటికి రాలేకపోయాడు. చూడటానికి పోతే మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

"వచ్చేవారం సంతకొస్తావు మామా. బెంచీ తుడిచి పెట్టినా" అన్నాను.

చెయ్యి చాపాడు. నేనూ చాపాను. తువ్వాలు కప్పి నా మణికట్టు పట్టుకున్నాడు. అంత చిక్కినా ఆ పట్టు మాత్రం అదే.

"నోరు సంతకు రమ్మంటాంది" అన్నాడు, "నాడి మాత్రం ఏడుస్తాండాది. యాలప్పా? నా బేరం ఎప్పుడో అయిపోయింది. ఇదంతా ఆ డాక్టరమ్మ వేసిన కొసరు. దోసిలి నిండా వేసింది."

నేను ముఖం పక్కకు తిప్పి ఆయన దుప్పటి సర్దాను. అది చూసి నవ్వాడు. ఆ నెలలోనే నిద్రలో పోయాడు. కుప్పం డాక్టరమ్మ కూడా వచ్చింది. మా అత్త ఆయన గళ్ల తువ్వాలును నా చేతిలో పెట్టింది.

మదనపల్లెలో నేను కప్పింది ఆ తువ్వాలే.

నర్సమ్మ మళ్లీ వచ్చింది. "నవ్వు అయిందా?" అని నా మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. ఒకసారి కాదు, మళ్లీ చూసింది. "ఏంది సార్, ఇందాకటికీ ఇప్పటికీ నాడి ఇంత మారిపోయింది? మనసులో ఏమన్నా పెట్టుకున్నారా?"

నా భార్య కంగారుపడి నా ముఖం చూసింది. నాకు మాత్రం కుప్పం డాక్టరమ్మ చెప్పిన నరాల మాట గుర్తొచ్చింది.

"మారిందా?" అన్నాను. "నిజంగానే మారిందా తల్లీ?"

"మారింది సార్. బాగా ఉరకతాండాది."

"మంచిది" అన్నాను. "మా మామ గుర్తొచ్చాడు." కళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు అందుకుంటే, మళ్లీ కప్పేస్తానేమోనని ఆ పిల్ల గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.